ఎలుక చస్తే జనం ఇల్లెందుకు వదిలారు?

1898లో మైసూరు సంస్థానాన్ని ప్లేగు పట్టుకుంది. ఇంట్లో ఎలుక చచ్చిపడితే చాలు, జనం ఇళ్లు వదిలి ఊరి బయట గుడిసెలు వేసుకునేవారు. చచ్చిన ఎలుకకు అంత భయమా?

భయం ఎలుకను చూసి కాదు. దాని బొచ్చులో రక్తం తాగే చిన్న పురుగు ఉంటుంది, గెంతుతుంది కూడా! ప్లేగు క్రిమి దాని కడుపులో చేరుతుంది. ఎలుక చచ్చి ఒళ్లు చల్లబడగానే, పొయ్యి ఆరితే పిల్లి వేరే వెచ్చని చోటు వెతుక్కున్నట్టు, ఆ పురుగు మనుషుల మీదికి దూకుతుంది. కుడుతుంది. క్రిమి ఒంట్లోకి పోతుంది.

ఈ గుట్టును పాల్ లూయీ సీమాన్ అనే ఫ్రెంచి వైద్యుడు అదే 1898లో కరాచీలో పట్టుకున్నాడు. చాలామంది మొదట నమ్మనేలేదు!

ప్లేగు తర్వాత అదే సంస్థానంలోని బెంగళూరులో మల్లేశ్వరం, బసవనగుడి పేటలు వెడల్పాటి వీధులతో పెరిగాయి. ప్లేగు మారమ్మ అనే దేవతకు గుళ్లూ వెలిశాయి.