ఉమ్రా ప్యాకేజీలో భోజనం: అదనపు సొమ్ము చెల్లించడం సమంజసమేనా?

మిరప కోతలు ముగిసి, కల్లాల్లో కాయ ఎండి, టిక్కీలు గుంటూరు యార్డుకు చేరే రోజుల్లో మన ప్రాంతపు ముస్లిం కుటుంబాల్లో ఉమ్రా మాట వినిపిస్తుంది. పత్తి, మిర్చి సొమ్ము చేతికి వచ్చేది అప్పుడే. ఏళ్ల తరబడి మనసులో దాచుకున్న కోరిక బయటపడేదీ అప్పుడే. ఆ వెంటనే ట్రావెల్స్ వారి కాగితాలు ఇంటికి వస్తాయి. వాటిలో సాధారణంగా రెండు వరుసలు ఉంటాయి. మొదటిది మామూలు ప్యాకేజీ. రెండవది ‘ప్రీమియం’ లేదా ‘డీలక్స్’. రెండవ వరుసలో పెద్ద అక్షరాలతో కనిపించేది భోజనమే: హరమ్‌కు ఎదురుగా ఉన్న హోటల్‌లో మూడు పూటలా బఫే, రకరకాల వంటకాలు, పండ్లు, మిఠాయిలు.

ప్రకాశం జిల్లాలోని ఒక పల్లె నుంచి నా పూర్వ విద్యార్థి ఒకరు ఇటువంటి కాగితంతోనే నా దగ్గరకు వచ్చారు. తల్లిదండ్రులు, తాను, తన భార్య కలిసి నలుగురు ఉమ్రాకు వెళ్లదలచారు. పదిహేను రోజుల ప్రయాణం. రెండు ప్యాకేజీల మధ్య తేడా మనిషికి నలభై వేల రూపాయలు. “మౌలానా సాబ్, అబ్బా జీవితమంతా చేలో సద్దన్నం తిన్నారు. అల్లాహ్ ఇంటికి వెళ్లినప్పుడైనా మంచి భోజనం పెట్టించాలని నా ఆశ. అబ్బా మాత్రం ఒప్పుకోవడం లేదు. మీరే చెప్పండి” అన్నారు. ఆ ప్రేమను తక్కువగా చూడడానికి వీల్లేదు. అయితే తండ్రి ఎందుకు ఒప్పుకోవడం లేదో కూడా తెలుసుకోవాలి కదా! ఆ శుక్రవారం అసర్ నమాజు తరువాత వారి ఇంటికి వెళ్లాను.

ఓడల కాలంలో భోజనం

ఈ ప్రశ్న కొత్తది కాదు. మన పూర్వికులు బొంబాయి రేవు నుంచి జెద్దాకు ఓడలో వెళ్లేవారు. మొగల్ లైన్ సంస్థ ఓడల్లో ఎక్కువ మంది యాత్రికులు ప్రయాణించేవారు. ఆ ఓడల్లోనూ తరగతులు ఉండేవి. పై తరగతి వారికి గది, బల్లమీద వడ్డన. డెక్ తరగతి వారికి చాప పరచుకునేంత చోటు. పాత రోజుల్లో డెక్ యాత్రికులు బియ్యం, పప్పు, వంటచెరకు వెంట తీసుకెళ్లి, ఓడ మీదే వండుకునేవారు. తరువాతి కాలంలో భోజనం ఖర్చు టికెట్టులోనే కలిసింది. 1995తో మన దేశం నుంచి హజ్ ఓడ ప్రయాణం ముగిసింది.

పై తరగతిలో వెళ్లినవారి హజ్, డెక్ మీద గంజి కాచుకున్నవారి హజ్ అల్లాహ్ వద్ద తరగతుల వారీగా నమోదు కాలేదు. అలాగని పై తరగతి టికెట్టు కొన్న వృద్ధుడు పాపం చేశాడనీ ఎవరూ అనలేదు. మన జవాబు ఈ రెండు మాటల మధ్యనే ఉంది.

ప్రయాణ సామగ్రి గురించి షరీఅత్ ఏమంటుంది?

యమన్ దేశస్థులు కొందరు ప్రయాణ సామగ్రి ఏదీ లేకుండా హజ్‌కు బయలుదేరేవారనీ, తాము అల్లాహ్‌పై భారం వేసినవారమని చెప్పుకుంటూ మక్కా చేరాక ప్రజలను యాచించేవారనీ హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) ఉల్లేఖించారు. ఆ సందర్భంలోనే అల్ బఖరా సూరా 197వ ఆయత్ అవతరించింది. ప్రయాణ సామగ్రిని వెంట తీసుకువెళ్లమని ఆదేశిస్తూ, అన్నిటికంటే ఉత్తమమైన సామగ్రి తఖ్వా అని అది గుర్తు చేసింది. అంటే ప్రయాణంలో తిండికి ఏర్పాటు చేసుకోవడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు. అది ధర్మాజ్ఞలో భాగమే.

మరోవైపు అల్ ఆరాఫ్ సూరా 31వ ఆయత్ తినడానికి, తాగడానికి అనుమతిస్తూనే మితిమీరవద్దని హెచ్చరించింది. అల్ ఫుర్ఖాన్ సూరా 67వ ఆయత్ కరుణామయుని దాసుల లక్షణాలు చెబుతూ, వారు దుబారా చేయరనీ, పిసినారితనమూ చూపరనీ, రెండింటి నడుమ నిలుస్తారనీ తెలిపింది.

దైవప్రవక్త (స) ఒక పాత జీను మీద, నాలుగు దిర్హములైనా విలువ చేయని దుప్పటితో హజ్ యాత్ర చేశారు. ప్రదర్శన, పేరు ప్రతిష్ఠల కాంక్ష లేని హజ్‌గా దానిని చేయమని అల్లాహ్‌ను వేడుకున్నారు. ఆయన తలచుకుంటే సహాబా తమ సర్వస్వాన్నీ ఆయన ముందు ఉంచేవారే. అయినా ఆయన ఎంచుకున్న తీరు అది.

మూడు మెట్లు

హిజ్రీ ఎనిమిదవ శతాబ్దపు అందలూసియా విద్వాంసుడు ఇమామ్ షాతిబీ (రహ్మ) మానవ ప్రయోజనాలను మూడు మెట్లుగా వివరించారు. మొదటిది జరూరియ్యాత్: అవి లేకపోతే జీవితం, ధర్మం నిలవవు. రెండవది హాజియ్యాత్: అవి లేకపోతే జీవితం నిలుస్తుంది కాని కష్టం, ఇరుకు ఏర్పడతాయి. మూడవది తహ్సీనియ్యాత్: అవి జీవితానికి అందాన్ని, శోభను ఇస్తాయి. మూడవ మెట్టు హరామ్ కాదు. కాని మొదటి రెండు మెట్లను కూలగొట్టి దానిని కట్టకూడదు.

ప్యాకేజీ కాగితాన్ని ఈ మూడు మెట్ల మీద పెట్టి చూడండి. శుభ్రమైన, హలాల్ భోజనం సకాలంలో దొరకడం మొదటి మెట్టు. మధుమేహం ఉన్నవారికి వేళ తప్పకుండా పథ్యం అందడం, మోకాళ్ల నొప్పులు ఉన్నవారికి భోజనం మెట్లు ఎక్కకుండా, దూరం నడవకుండా దొరకడం రెండవ మెట్టు. పది రకాల మిఠాయిలు, ఇరవై రకాల కూరలు మూడవ మెట్టు. ట్రావెల్స్ వారి కాగితంలో ఈ మూడూ ఒకే ధరలో కలిసి ఉంటాయి. వాటిని విడదీయడమే మన పని.

లెక్క వేసి చూద్దాం

నా విద్యార్థి కుటుంబానికి నలభై వేల చొప్పున నలుగురికి తేడా లక్షా అరవై వేలు. పదిహేను రోజులకు మూడు పూటల చొప్పున నలభై అయిదు భోజనాలు. అంటే మనిషికి ఒక్కో పూటకు అదనంగా పడేది సుమారు 890 రూపాయలు. ఇది కాగితం మీది లెక్క. అనుభవంలో లెక్క మారుతుంది.

హరమ్‌లో ఉన్నవారికి భోజన వేళలు మన చేతిలో ఉండవు. మగ్రిబ్ నుంచి ఇషా వరకు అక్కడే కూర్చోవాలనిపిస్తుంది. తవాఫ్ ముగిసేసరికి బఫే వేళ దాటిపోతుంది. నేను వెళ్లినప్పుడు ఎన్నో రాత్రులు హోటల్‌లో డబ్బు కట్టిన భోజనం వదిలి, దారిలో వేడి తమీస్ రొట్టె, ఫూల్ కొనుక్కుని తిన్నాను. ఆ రుచి ఇప్పటికీ నాలుక మీద ఉంది. ఇలా మూడవ వంతు పూటలు తప్పిపోయినా, మిగిలిన ముప్పై భోజనాలకు ఒక్కోదానికి అదనపు ఖర్చు 1,330 రూపాయలు దాటుతుంది. మక్కా వీధుల్లో మన దేశపు, పాకిస్తాన్ వంటకాల హోటళ్లకు కొదవ లేదు. అల్ బైక్ కోడిమాంసం కోసం వరుసలో నిలబడని యాత్రికుడు అరుదు. హరమ్‌లో జమ్‌జమ్ నీరు ఎల్లవేళలా ఉచితమే.

ఇప్పుడు ఆ లక్షా అరవై వేలను మన భాషలో చూద్దాం. మిర్చి ధర పడిపోయినప్పుడు, 2025 ఫిబ్రవరిలో, కేంద్ర ప్రభుత్వం మార్కెట్ జోక్య పథకం కింద మన రాష్ట్రపు మిర్చికి క్వింటాకు 11,781 రూపాయల ధర నిర్ణయించింది. ఆ ధర ప్రకారం లక్షా అరవై వేలు అంటే పదమూడున్నర క్వింటాళ్ల మిర్చి. దుక్కి, నారు, ఎరువు, మందు పిచికారీ, కోత కూలీ అన్నీ భరించి పండించిన పదమూడున్నర క్వింటాళ్లు!

తండ్రి మౌనం వెనుక

ఆ శుక్రవారం తండ్రి గారితో ఏకాంతంగా మాట్లాడినప్పుడు అసలు విషయం తెలిసింది. పంటలో సగం ఇంకా కోల్డ్ స్టోరేజీలోనే ఉంది, ధర కోసం ఎదురుచూస్తూ. కౌలు సొమ్ములో కొంత బాకీ. వీటికంటే ఆయనను ఎక్కువగా కలచివేస్తున్నది మరొకటి: చివరి కోతకు వచ్చిన కూలీలకు ఇంకా డబ్బు ఇవ్వలేదు. “వాళ్లు రోజూ మా గుమ్మం ముందు నుంచే వెళ్తారు మౌలానా సాబ్. నోరు తెరిచి అడగరు. వాళ్లకు ఇవ్వకుండా అక్కడ బఫే ముందు కూర్చుంటే నాకు ముద్ద దిగుతుందా? ఈ మాట కొడుకుతో చెబితే వాడి సంతోషం చెడుతుందని ఊరుకున్నాను” అన్నారాయన.

కూలివాని చెమట ఆరకముందే అతని కూలి ఇవ్వమని దైవప్రవక్త (స) ఆదేశించారు. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం ఉమ్రా సున్నతె ముఅక్కదా. కూలీ చెల్లింపు, అప్పు తీర్చడం తోటి దాసుల హక్కులు. సున్నత్ కోసం, అందులోనూ సున్నత్‌కు తోడైన ఒక సౌకర్యం కోసం, ఇతరుల హక్కును వెనక్కి నెట్టడం ఏ మెట్టులోనూ ఇమడదు. పంటపై ఉష్ర్, నిసాబ్ ఉన్నవారి జకాత్ కూడా ప్యాకేజీ ఎంచుకోకముందే చూసుకోవలసినవి.

ఇంతలో తలుపు దగ్గర నిలబడి వింటున్న తల్లి గారు ఒక మాట అన్నారు: “నాకు బఫేలు వద్దు బాబూ. ఇంత అన్నం, పప్పు చాలు. కాని రోజుకు అయిదు పూటలు అంత దూరం నడవలేను. నన్ను ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు.” ఆమె మోకాళ్లు చాలా కాలంగా బాధపెడుతున్నాయి. కొడుకు భోజనం గురించి ఆలోచించాడు, తండ్రి అప్పు గురించి ఆలోచించాడు. ఆమెకు ఏది అవసరమో ఇద్దరూ అడగలేదు.

ఎప్పుడు చెల్లించవచ్చు?

అదనపు సొమ్ము చెల్లించడం కొన్ని సందర్భాలలో సమంజసమే, ఒక్కోసారి ఉత్తమం కూడా. వృద్ధులు, రోగులు, గర్భిణులు, పసిపిల్లలు వెంట ఉన్నప్పుడు దగ్గరి హోటల్, సకాల భోజనం ఆరాధనకు బలాన్నిస్తాయి. బాకీలు లేనివాడు, జకాత్ చెల్లించినవాడు, తన సంపదలో నుంచి తల్లిదండ్రులకు మంచి భోజనం పెట్టాలనుకుంటే అది సేవాభావమే. అతనిని దుబారా మనిషి అనడం తగదు.

ఊరిలో ‘ఫలానావారు ఫలానా హోటల్‌లో దిగారట’ అనిపించుకోవడానికైతే అది నష్టం. పళ్లెం నిండా వడ్డించుకుని సగం వదిలివేసే అలవాటు ఉన్నవారికి బఫే ఒక పరీక్ష. దైవప్రవక్త (స) ఏనాడూ భోజనానికి వంక పెట్టలేదు. ఇష్టమైతే తినేవారు, లేకుంటే వదిలేసేవారు. డబ్బు ఎక్కువ కట్టినవారికే వంకలు ఎక్కువగా కనిపించడం మనం చూస్తూనే ఉన్నాం.

ఈ మధ్య విహార నౌకల గురించి కూడా యువకులు అడుగుతున్నారు. 2022 జూన్‌లో విశాఖపట్నం నుంచి పుదుచ్చేరి, చెన్నైలకు అటువంటి నౌక ఒకటి బయలుదేరింది. ఈ నౌకలలో సాధారణంగా టికెట్టులోనే మామూలు భోజనం ఉంటుంది, ప్రత్యేక రెస్టారెంట్లకు వేరుగా చెల్లించాలి. అక్కడ ధరకంటే ముందు అడగవలసినది మాంసం హలాలేనా అన్నది. మద్యం తిరిగే బల్ల వద్ద కూర్చోవద్దని హదీసు ఉంది. ఆ ప్రత్యేక భోజనశాలలో మద్యం కూడా వడ్డిస్తుంటే, అదనపు సొమ్ముతో కొనేది సౌకర్యం కాదు, చిక్కు. టికెట్టులో ఉన్న శాకాహారంతో సరిపెట్టుకున్నవాడే లాభపడినవాడు.

ఆ ఇంట్లో జరిగిన నిర్ణయం

నలుగురూ కూర్చుని మాట్లాడుకున్నారు. కొడుకు ట్రావెల్స్ వారిని అడిగితే, దగ్గరి హోటల్‌లో గది మాత్రం తీసుకుని, భోజనం మామూలు గ్రూపుతో కలిసి తినే ఏర్పాటు చేయవచ్చని చెప్పారు. తల్లిదండ్రులకు దగ్గరి గది, కొడుకు కోడళ్లకు మామూలు గది. తండ్రికి మధుమేహం కనుక ఉదయం వేళకు రొట్టె, గుడ్డు అందేలా మాట తీసుకున్నారు. అన్నీ కలిపి అదనపు ఖర్చు ముందు అనుకున్నదానిలో మూడవ వంతుకు లోపే తేలింది. మిగిలిన సొమ్ముతో ముందుగా కూలీల బాకీ తీర్చారు. డబ్బు అందుకున్న ఒక వృద్ధురాలు, “మక్కాలో మా కోసం కూడా దువా చెయ్యి నాయనా” అన్నదట. ఆ మాట నాకు చెబుతున్నప్పుడు తండ్రి గారి కళ్లు చెమర్చాయి. ఆయన వెంట తీసుకువెళ్లిన సామగ్రిలో అంతకంటే విలువైనది మరేముంటుంది?

వెళ్లబోయే సోదరీమణులకు ఒక చిన్న సూచన. ఇంటి నుంచి కారప్పొడి, మసాలా పొడి తీసుకువెళ్లేవారు అందులో గసగసాలు లేకుండా చూసుకోండి. మన వంటింట్లో అవి మామూలు దినుసే. సౌదీ అరేబియాలో మాత్రం నిషిద్ధం. తెలియక పట్టుబడినా ఇబ్బంది తప్పదు.

ప్యాకేజీ కాగితం చేతికి వచ్చినప్పుడు ఇంట్లో అందరినీ కూర్చోబెట్టండి. ఎవరి హక్కు మన దగ్గర మిగిలి ఉందో ముందు చూడండి. ఎవరికి ఏది నిజమైన అవసరమో వారి నోటితోనే చెప్పనివ్వండి, ముఖ్యంగా అడగకపోతే చెప్పని తల్లులను. ఆ తరువాత ఏ వరుస మీద సంతకం చేసినా అది శుభప్రదమే, ఇన్షా అల్లాహ్.

అల్లాహ్ మనకు హలాల్ ఉపాధిని, మితమైన ఖర్చును, తన గృహ దర్శన భాగ్యాన్ని ప్రసాదించుగాక! మన ప్రయాణాలను ప్రదర్శన నుంచి కాపాడుగాక! ఆమీన్.