ప్రజారోగ్య అత్యవసర స్థితిలో కార్మికులకు వేతన సహిత అనారోగ్య సెలవు: కోవిడ్ అనుభవం నేపథ్యంలో చట్టాల పరిశీలన

వ్యాససంగ్రహం:
అంటువ్యాధి ప్రబలినప్పుడు రోగి ఇంటిపట్టున ఉండాలని ప్రభుత్వం ఆదేశిస్తుంది. ఆ ఆదేశాన్ని పాటించిన కార్మికుని కూలి ఎవరు భరించాలన్న ప్రశ్నకు మన చట్టాలలో పూర్తి సమాధానం లేదు. ఇ.ఎస్.ఐ. చట్టం, దుకాణాల చట్టం, 2020 నాటి కేంద్ర ఉత్తర్వులను పరిశీలించి, వాటిలోని లోపాలను, వాటిని పూరించే మార్గాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: అనారోగ్య సెలవు, ఇ.ఎస్.ఐ., కోవిడ్, నిరీక్షణ దినాలు, అసంఘటిత కార్మికులు.

1. ఉపోద్ఘాతం:
ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 జనవరి 30న కోవిడ్‌ను అంతర్జాతీయ ప్రజారోగ్య అత్యవసర స్థితిగా ప్రకటించింది. సాధారణ కాలంలో అనారోగ్య సెలవు కార్మికుని వ్యక్తిగత సంక్షేమానికి సంబంధించినది. అంటువ్యాధి కాలంలో దాని స్వభావం మారుతుంది. జ్వరంతో పనికి వచ్చిన ఒక్కరి వల్ల తోటివారికి, వారి కుటుంబాలకు రోగం సోకవచ్చు. కనుక అప్పుడు సెలవు వేతనం రోగవ్యాప్తిని అరికట్టే సాధనం కూడా అవుతుంది. రోజు కూలి పోతే పూట గడవని వ్యక్తిని ఇంట్లో ఉండమనడం ఉపదేశమే తప్ప విధానం కాదు.

2. చట్టపరమైన స్థితి:
కోవిడ్ నాటికి సంఘటిత రంగ కార్మికులకు ప్రధాన ఆధారం 1948 నాటి ఇ.ఎస్.ఐ. చట్టం. నెల వేతనం రూ. 21,000 మించనివారు దీని పరిధిలోకి వచ్చేవారు. ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజులకు చందా చెల్లించి ఉంటే, అనారోగ్యంలో సగటు వేతనంలో 70 శాతం చొప్పున ఏడాదికి 91 రోజుల వరకు పొందగలిగేవారు. ఈ భారం ఒక్క యజమానిపై పడక, యజమానులు, కార్మికులు చెల్లించే చందాలతో ఏర్పడిన నిధి మీద పడేది. ఈ పథకం బలం అక్కడే ఉంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం ఉద్యోగికి ఏడాదికి 12 రోజుల వేతన సహిత అనారోగ్య సెలవును, మరో 12 రోజుల ఆకస్మిక సెలవును కల్పించింది. 1948 నాటి కర్మాగారాల చట్టంలో మాత్రం పని చేసిన ప్రతి 20 రోజులకు ఒక రోజు చొప్పున వార్షిక సెలవు ఉండేదే కాని, అనారోగ్యానికి ప్రత్యేక సెలవు ఉండేది కాదు.

3. అంటువ్యాధి బయటపెట్టిన లోపాలు:
3.1. నిర్వచనం: ఇ.ఎస్.ఐ. చట్టం ప్రకారం అనారోగ్యమంటే వైద్య చికిత్స, పర్యవేక్షణ అవసరమై, వైద్య కారణాలపై పనికి దూరంగా ఉండవలసిన స్థితి అని ఉండేది. రోగితో సన్నిహితంగా మెలిగి, లక్షణాలు లేకుండానే ఏకాంతంలో ఉండవలసిన వ్యక్తికి చికిత్స అవసరం లేదు. రోగవ్యాప్తి దృష్ట్యా అతడు ఇంట్లో ఉండడం ఎంత ముఖ్యమైనా, ఈ నిర్వచనంలో ఇమిడేవాడు కాదు.

3.2. నిరీక్షణ దినాలు: సాధారణంగా అనారోగ్యం మొదటి రెండు రోజులకు ఇ.ఎస్.ఐ. ప్రయోజనం లభించేది కాదు. చిన్న చిన్న కారణాలతో సెలవు పెట్టడాన్ని నివారించడం ఇటువంటి నియమాల ఉద్దేశం. కాని లక్షణాలు కనిపించిన తొలి దినాలలోనే కోవిడ్ ఎక్కువగా వ్యాపిస్తుంది. అంటే కార్మికుడు తప్పక ఇంట్లో ఉండవలసిన రోజులే వేతనం లేని రోజులయ్యాయి.

3.3. పరిధి: 2017-18 నాటి జాతీయ శ్రామిక శక్తి సర్వే ప్రకారం వ్యవసాయేతర రంగంలో క్రమ వేతన ఉద్యోగులలోనే 54.2 శాతం మందికి వేతన సహిత సెలవు అర్హత లేదు. దినసరి కూలీలు, స్వయం ఉపాధి పొందేవారు ఈ లెక్కలో చేరనే లేదు. హైదరాబాదు వీధుల్లో ఆహారం చేరవేసే యువకులు, అడ్డా కూలీలు, ఇళ్లలో పనిచేసే స్త్రీలు చట్టం నీడకు వెలుపలే మిగిలారు.

4. 2020-21 ఉత్తర్వులు:
2020 మార్చి 29న కేంద్ర హోం శాఖ, మూతపడిన కాలానికి కార్మికులకు కోత లేకుండా వేతనం చెల్లించాలని యజమానులను ఆదేశించింది. మే 18 నుండి ఆ ఆదేశం అమలులో లేదు. జూన్ 12న సుప్రీంకోర్టు యజమానులపై బలవంతపు చర్యలు వద్దంటూ, ఇరుపక్షాలు చర్చించుకోవాలని సూచించింది. ఇక్కడ గమనించవలసిన అంశం ఒకటుంది. ఆ ఆదేశం వేతనాన్ని సంస్థ మూతతో ముడిపెట్టింది, కార్మికుని అనారోగ్యంతో కాదు. కనుక తెరిచి ఉన్న అత్యవసర సేవలలో పనిచేస్తూ రోగం బారినపడినవారికి దానివల్ల రక్షణ కలగలేదు.

ఇందుకు భిన్నంగా 2021 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం తన ఉద్యోగులకు కోవిడ్ సోకితే 20 రోజుల వరకు, తల్లిదండ్రులకు లేదా ఆధారిత కుటుంబ సభ్యులకు సోకితే 15 రోజుల ప్రత్యేక సెలవు వెసులుబాటు కల్పించింది. సూక్ష్మజీవి ఒకటే అయినా, రక్షణ ఉద్యోగ హోదాను బట్టి మారింది.

5. ఇతర దేశాల అనుభవం:
బ్రిటన్ 2020 మార్చిలో కోవిడ్‌కు నిరీక్షణ దినాలను తొలగించి, మొదటి రోజు నుండే అనారోగ్య వేతనం ఇచ్చింది; ఏకాంతంలో ఉండవలసినవారికీ దాన్ని వర్తింపజేసింది. అమెరికా 500 మంది లోపు ఉద్యోగులున్న సంస్థలలో రెండు వారాల సెలవును తప్పనిసరి చేసి, ఆ వ్యయాన్ని పన్ను రాయితీగా యజమానులకు తిరిగి చెల్లించింది. ఈ చట్టంతో కొత్తగా సెలవు హక్కు పొందిన రాష్ట్రాలలో రోజుకు సగటున సుమారు 400 కేసులు తగ్గినట్లు ఒక అధ్యయనం అంచనా వేసింది. అయితే పెద్ద సంస్థలను మినహాయించడం, 2020 డిసెంబరు 31తో ఈ తప్పనిసరి నిబంధన ముగియడం దాని పరిమితులు.

6. ముగింపు:
పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.
• అత్యవసర స్థితి ప్రకటనతోనే నిరీక్షణ దినాలు రద్దయ్యే నిబంధన చట్టంలో ముందే ఉండాలి.
• వైద్యాధికారి ఆదేశించిన ఏకాంతవాసాన్ని అనారోగ్యంతో సమానంగా పరిగణించాలి.
• చిన్న యజమానులపై భారం మోపక, ఉమ్మడి నిధి నుండి లేదా ప్రభుత్వ ఖజానా నుండి చెల్లించాలి. యజమాని భరించలేని ఆదేశం నిలవదని 2020 అనుభవం సూచిస్తున్నది.
• 2020 సామాజిక భద్రతా స్మృతి గిగ్ కార్మికులను నిర్వచించింది. వారి కోసం రూపొందించే పథకాలలో అనారోగ్య వేతనాన్ని స్పష్టంగా చేర్చాలి.

తదుపరి అంటువ్యాధి వచ్చిన తరువాత ఉత్తర్వులు రాయడం మొదలుపెడితే, తొలి వారాల నష్టం మళ్లీ కార్మికునిదే అవుతుంది. అతని నుండి అది సమాజానికీ చేరుతుంది.