లంద దగ్గర నేర్చిన శాస్త్రం... ఉపకులపతి పీఠం దాకా

ఫిలింనగర్, జూబ్లీహిల్స్: ఇక్కడ తెనాలి పేరెత్తితే చాలామందికి గుర్తొచ్చేది బుర్రిపాలెం నుంచి వచ్చి పద్మాలయా స్టూడియో కట్టిన హీరో కృష్ణ. అదే తెనాలి ప్రాంతంలోని యలవర్రులో పుట్టిన మరో ప్రముఖుణ్ణి ఈ వీధుల్లో తలచేవారు తక్కువ. ఆయన డాక్టర్ యలవర్తి నాయుడమ్మ. తెలుగు సినిమా కోడంబాకంలో ఉన్న రోజుల్లో ఆయన అదే మద్రాసులో, అడయారులో తోళ్లతో కుస్తీ పట్టారు.

1922లో రైతు కుటుంబంలో పుట్టిన నాయుడమ్మ కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో పారిశ్రామిక రసాయనశాస్త్రం చదివారు. అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటుతో తిరిగొచ్చారు. తోలు పని చేసేవారిని ఊరి బయట ఉంచిన కాలమది. పెద్ద చదువు చదివిన రైతుబిడ్డ కోరి ఆ వాసనలోకి వెళ్లడం చిన్న విషయమేమీ కాదు.

బతుకమ్మకు పూలిచ్చే తంగేడే లందలో తోలు పదునుకు చెక్కనూ ఇచ్చేది. ఆ చెక్కలోని వగరు చర్మపు పోగులను పట్టి ఉంచి, కుళ్లిపోనీయదు. మాదిగలకు తరతరాలుగా చేతి అనుభవంతో తెలిసిన ఈ పనిలోని రసాయనశాస్త్రమే నాయుడమ్మ చదువు. 1958లో కేంద్ర చర్మ పరిశోధన సంస్థ డైరెక్టరయ్యాక పరిశోధనను పరిశ్రమ గడప దాకా తీసుకెళ్లారు.

1971లో పద్మశ్రీ వచ్చింది. అదే ఏడాది సి.ఎస్‌.ఐ.ఆర్‌. డైరెక్టర్ జనరల్ అయ్యారు. శాస్త్రాన్ని పల్లెకు చేర్చే ప్రయోగానికి మన కరీంనగర్ జిల్లాను ఎంచుకున్నది ఆయన హయాంలోనే. ప్రయోగశాలలను మంత్రిత్వశాఖలకు పంచాలని జనతా ప్రభుత్వం తలపెట్టినప్పుడు, 1977లో పదవి వదిలి మద్రాసు వెళ్లిపోయారు.

1981లో మళ్లీ ఢిల్లీ పిలుపు వచ్చింది. ఈసారి జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం ఉపకులపతి పదవి. సాంఘిక శాస్త్రాలకు, విద్యార్థి రాజకీయాలకు పేరుపడ్డ చోటికి తోళ్ల నిపుణుడు! పదవీకాలం అయిదేళ్లు. ఆయన 1982లోనే దిగిపోయారు. దాన్ని ఓటమి అనేవారు అనవచ్చు. కుర్చీని పట్టుకు వేలాడని మనిషి రెండోసారి లేచి వచ్చారని అనుకోవడమే న్యాయం.

1985 జూన్ 23న ఆయన కెనడా నుంచి తిరిగివస్తున్న ఎయిరిండియా కనిష్క విమానం బాంబు పేలి ఐర్లండు సమీపంలో సముద్రంలో కూలింది. చనిపోయిన 329 మందిలో నాయుడమ్మ ఒకరు. తెనాలిలో ఆయన పేరిట వెలసిన ట్రస్టు శాస్త్రవేత్తలకు అవార్డులిస్తూ వచ్చింది.