నెత్తురు కాదు... రెట్ట!

పక్షిగూడుతో సూప్‌ చేసుకుని తాగుతారంటే మనకు వింతే. చైనీయులకు మాత్రం అది వందల ఏళ్లుగా రాజభోగం! పుల్లలతో, గడ్డితో అల్లిన గూడు కాదది. అచ్చంగా ఉమ్మితో కట్టింది. ఆగ్నేయాసియా గుహల్లో ఉండే స్విఫ్ట్‌లెట్‌ అనే బుల్లి పక్షి జిగురులాంటి తన లాలాజలాన్ని పోగులు పోగులుగా రాతిగోడకు అతికిస్తూ చిప్పలాంటి గూడు కడుతుంది. మన అండమాన్‌ దీవుల్లోనూ ఈ పక్షులున్నాయి.

ఈ గూళ్లు తెల్లగా, నల్లగా, ఎర్రగా... మూడు రంగుల్లో దొరుకుతాయి. మామూలుగా లాలాజలం ఆరితే తెల్లగూడే. మరో జాతి స్విఫ్ట్‌లెట్‌ తన ఈకల్ని కూడా కలిపి కడుతుంది కాబట్టి దాని గూడు నల్లగా ఉంటుంది. మరి ఎరుపు? దాని వెనక పెద్ద కథే ఉంది. మనుషులు గూళ్లు తీసుకెళ్లిపోతోంటే మళ్లీ మళ్లీ కట్టి ఉమ్మి అయిపోయిన పక్షి, చివరికి నెత్తురు కక్కుతూ కడుతుందట! అందుకే దాన్ని 'రక్తగూడు' అన్నారు. తింటే ఒంటికి రక్తం పడుతుందని నమ్మి తెల్లదానికన్నా ఎక్కువ ధర పెట్టారు.

ఈ కథ నిజం కాదని 2013లో హాంకాంగ్‌ పరిశోధకులు తేల్చారు. సోడియం నైట్రైటును ఆమ్లంలో కలిపితే వచ్చే ఆవిరిని తెల్లగూళ్లకు పట్టించారు. అవి ఎర్రబడ్డాయి. పక్షిరెట్ట పేరుకున్న మట్టి నుంచి వచ్చే ఆవిరి తగిలినా అంతే! గుహల అడుగున రెట్ట గుట్టలుగా పడి ఉంటుంది. అది కుళ్లినప్పుడు బ్యాక్టీరియా దాంట్లోని అమ్మోనియాను నైట్రైటుగా మారుస్తుంది. ఆ వేడికీ తేమకీ లేచిన ఆవిరి గూళ్లకు పడుతుంది.

అక్కడ జరిగేదేమిటో 2018లో సింగపూర్‌ శాస్త్రవేత్తలు వివరించారు. లాలాజలంలోని ప్రొటీన్లలో టైరోసిన్‌ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. ఈ ఆవిరితో కలిసి అది నైట్రోటైరోసిన్‌గా మారుతుంది. ఆమ్ల గుణం ఉన్నచోట ఇది పసుపుగా, క్షార గుణం ఉన్నచోట ఎర్రగా కనిపిస్తుంది. ఇంటర్‌ ప్రాక్టికల్స్‌లో నైట్రిక్‌ యాసిడ్‌ చుక్క వేలిమీద పడితే చర్మం పసుపెక్కడం చాలామందికి అనుభవమే. దాదాపు అలాంటి చర్యే ఇదీ.

రంగుతోనే పోతే ఫర్వాలేదు. ఆ ఆవిరి నైట్రైట్లనూ గూటిలో వదిలిపెడుతుంది. నైట్రైటు ఎక్కువైతే రక్తం ప్రాణవాయువును మోసే శక్తి తగ్గుతుంది. రక్తం కోసం కొనుక్కున్నదాంట్లో ఉన్నది రక్తానికి చేటు చేసే పదార్థమన్నమాట! 2011లో ఎర్రగూళ్లలో నైట్రైట్లు మోతాదు మించాయని తేలడంతో మలేసియా నుంచి దిగుమతుల్ని చైనా ఆపేసింది. కిలోకు 30 మిల్లీగ్రాములు మించకూడదని షరతు పెట్టాకే మళ్లీ తలుపులు తెరిచింది. నైట్రైటు నీళ్లలో కరిగిపోతుంది కాబట్టి, వండేముందు నానబెట్టి ఆ నీళ్లు పారబోస్తే చాలావరకు పోతుంది.

పక్షి కట్టింది తెల్లగూడే. ఎరుపు పూసింది కింద పడిన రెట్ట. దానికి ధర పెంచింది మాత్రం మనిషి అల్లిన కథ!