అమ్మమ్మే మేనత్త!

స్పెయిన్ రాజు రెండో చార్లెస్ (1661–1700) వంశంలో వరసలు తేల్చాలంటే మన ఇళ్లలోని పెద్ద ముత్తయిదువలకైనా తల తిరగాల్సిందే. ఆయన తండ్రి నాలుగో ఫిలిప్ పెళ్లాడింది సొంత చెల్లెలి కూతురు మరియానాని. దాంతో ఆ చెల్లెలు చార్లెస్‌కి అటు మేనత్త, ఇటు అమ్మమ్మ. కన్నతల్లి మేనత్త కూతురు, అంటే వరసకు వదిన!

అసలు మరియానా ఆ ఇంటికి కోడలిగా రావలసిన పిల్ల. ఫిలిప్ కొడుకు బల్తసార్ కార్లోస్‌కి ఆమెను నిశ్చయం చేశారు. 1646లో ఆ కుర్రాడు పోయాడు. 1649లో మామగారు కావలసినాయనే పెళ్లికొడుకై కూర్చున్నాడు. ఆయనకు 44, ఆమెకు 14.

ఇదేమీ కొత్త కాదు. ఆయన తాత రెండో ఫిలిప్ కూడా 1570లో, చనిపోయిన కొడుకు డాన్ కార్లోస్‌కి అనుకున్న అన్నానే చేసుకున్నాడు. ఆమె కూడా చెల్లెలి కూతురే!

అక్క కూతుర్ని చేసుకోవడం మనకూ తెలిసిన ఆచారమే. క్యాథలిక్కులకు మాత్రం అది నిషిద్ధం, పోప్ ప్రత్యేకంగా అనుమతించాలి. ఈ హాప్స్‌బర్గ్ వంశపు రాజులకు ఆ అనుమతి ఎలాగోలా దొరికేది. రాజ్యాలు ఇల్లు దాటి పోకూడదు, అంతే.

వెలాస్కెత్ 1656లో గీసిన ‘లాస్ మెనీనాస్’ చిత్రం మధ్యలో నిలబడ్డ చిన్నారి చార్లెస్ అక్క మార్గరీటా. వెనక గోడమీది అద్దంలో మసగ్గా కనిపించే జంట ఆమె తల్లిదండ్రులు, అంటే ఆ మేనమామా మేనకోడలే. పదేళ్లకు, 1666లో, ఆ పిల్లనూ వియన్నా చక్రవర్తి లియోపోల్డ్‌కిచ్చి చేశారు. తల్లికి తమ్ముడు కనుక మేనమామ, మేనత్త కొడుకు కనుక బావ.

2009లో జన్యుశాస్త్రజ్ఞులు ఈ వంశవృక్షాన్ని లెక్కగట్టారు. మామూలుగా మేనమామ, మేనకోడళ్ల సంతానానికి రక్తసంబంధ గుణకం 0.125. చార్లెస్‌కి 0.254 వచ్చింది. తోబుట్టువులకు పుట్టినా దాదాపు అంతే! కాబట్టి తప్పంతా ఒక్క పెళ్లిమీద నెట్టలేం. సగం బరువు పై తరాల పెళ్లిళ్లదే.

రెండు పెళ్లిళ్లయినా చార్లెస్‌కి పిల్లల్లేరు. 39 నిండకుండానే పోయాడు. వారసత్వం కోసం 1701 నుంచి 1714 దాకా యూరప్ కొట్టుకుంది. జిబ్రాల్టర్ ఇంగ్లీషువాళ్ల చేతికి చిక్కింది ఆ గొడవలోనే, 1704లో.

సింహాసనం చివరికి సవతి అక్క మరియా తెరెసా మనవడికి దక్కింది. ఇప్పటి రాజు ఆరో ఫెలిపే ఆ మనవడి వంశంవాడే. అన్నట్టు, ఆవిడ భర్త ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ. ఆవిడకు మేనత్త కొడుకూ ఆయనే, మేనమామ కొడుకూ ఆయనే.