పదకొండేళ్లు ఆలస్యంగా వచ్చిన డ్రైవర్

తొంభైల మొదట్లో కంప్యూటరుకు సౌండ్ బ్లాస్టర్ కార్డు బిగించుకున్నవారికి 220, 5, 1 అనే మూడు అంకెలు కంఠతా వచ్చి ఉండేవి. మొదటిది పోర్టు చిరునామా, రెండోది ఇంటరప్ట్ నంబరు, మూడోది డీఎంఏ చానెల్. వీటిలో ఒక్కటి తప్పినా గేమ్ మూగదైపోయేది. యూఎస్‌బీ పుట్టింది ఈ బాధ తప్పించడానికే. 1998 మార్చిలో ‘ఆడియో క్లాస్ 1.0’ ప్రమాణం వచ్చింది. దాని సూత్రం సులువైనది: తీగ తగిలించగానే పరికరమే తన వివరాలు చెప్పుకోవాలి. నేను స్పీకరుని, నాకు రెండు చానెళ్లు, సెకనుకు ఇన్ని శాంపిళ్లు తీసుకోగలను అని. ఆ భాష తెలిసిన డ్రైవర్ ఒక్కటి ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఉంటే చాలు, ఏ కంపెనీ పరికరమైనా పలుకుతుంది. సీడీలు, డౌన్‌లోడ్లు అక్కర్లేదు.

ఆ తీగలో శబ్దం ప్రయాణించే తీరు చూడముచ్చటగా ఉంటుంది. ఆడియో క్లాస్ 1.0 పరికరాలు నడిచే ‘ఫుల్ స్పీడ్’లో యూఎస్‌బీ మిల్లీసెకనుకు ఒక పొట్లం పంపుతుంది. సీడీ సంగీతానికి సెకనుకు 44,100 శాంపిళ్లు. అంటే మిల్లీసెకనుకు 44.1. శాంపిల్‌ను ముక్కలు చేయలేం కదా! అందుకే తొమ్మిది పొట్లాల్లో 44 చొప్పున, పదోదాంట్లో 45 సర్దుతారు. అసలు చిక్కు గడియారాలది. కంప్యూటరులో ఒక స్ఫటికం, పరికరంలో మరొకటి. అవి కచ్చితంగా ఏకీభవించవు. పది లక్షలకు యాభై వంతుల తేడా ఉన్నా 48 కిలోహెర్ట్జ్ దగ్గర సెకనుకు రెండు శాంపిళ్లకు పైగా మిగులో తరుగో పడుతుంది. కాసేపటికి టప్‌మని ఒక చప్పుడు. దీనికి విరుగుడు ‘అసింక్రనస్’ పద్ధతి: లయ పరికరానిదే, కాస్త ఎక్కువ పంపు, కాస్త తగ్గించు అని అది కంప్యూటరుకు చెబుతూ ఉంటుంది. పక్కవాద్యగాడు గాయకుడి తాళం పట్టుకున్నట్టు కంప్యూటరు దాన్ని అనుసరిస్తుంది.

కానీ ఆ పొట్లంలో 1023 బైట్లకు మించి పట్టవు. 192 కిలోహెర్ట్జ్, 24 బిట్ల స్టీరియోకు మిల్లీసెకనుకు 1152 బైట్లు కావాలి. స్టూడియోలో ఎనిమిది మైకులను 48 కిలోహెర్ట్జ్ దగ్గర ఒకేసారి రికార్డు చేయాలన్నా లెక్క సరిగ్గా అంతే. యూఎస్‌బీ 2.0 వేగం 2000 నుంచే ఉంది. ఆ వేగాన్ని వాడుకునే ఆడియో క్లాస్ 2.0 మాత్రం 2006 మేలో గానీ సిద్ధం కాలేదు. ఇందులో మిల్లీసెకను ఎనిమిది భాగాలవుతుంది, ఇరుకు పోతుంది.

ఇక్కడి నుంచి కథ ఇంజినీరింగ్‌ది కాదు, అలసత్వానిది. 2010లో యాపిల్ మ్యాక్‌లోనూ, లినక్స్ కెర్నల్‌లోనూ 2.0 డ్రైవర్ చేరిపోయింది. ప్రపంచంలో ఎక్కువమంది వాడే విండోస్‌లో చేరలేదు. విండోస్ 7 వచ్చింది, 8 వచ్చింది, 2015లో 10 కూడా వచ్చింది. అదే పాత 1.0 డ్రైవర్. దాంతో ప్రతి తయారీదారూ సొంత డ్రైవర్ రాయించుకోవాల్సి వచ్చింది, లేదా జర్మనీలోని థెసికాన్ లాంటి సంస్థ దగ్గర లైసెన్సు కొనుక్కోవాల్సి వచ్చింది. కొందరు ఈ గొడవ వద్దనుకుని 1.0లోనే ఉండిపోయారు. 2012లో వచ్చిన ఆడియోక్వెస్ట్ డ్రాగన్‌ఫ్లై డ్యాక్ (డిజిటల్ శబ్దాన్ని అనలాగ్ సంకేతంగా మార్చే పరికరం) 96 కిలోహెర్ట్జ్ దగ్గరే ఆగింది. డ్రైవర్ అవసరం లేకపోవడమే దానికి ఒక ఆకర్షణ. ఇంకొందరు తమ పరికరాలకు 1.0, 2.0 మధ్య మార్చుకునే మీట పెట్టారు. ప్రమాణం ఉండీ మీట నొక్కాల్సి రావడం కంటే విడ్డూరం ఏముంది?

నష్టపోయింది కొనుక్కున్నవాడే. విండోస్ కొత్త వెర్షను వస్తుంది. పాత మోడలుకు కంపెనీ డ్రైవర్ ఇవ్వడం మానేస్తుంది. లోపల చిప్పు నిక్షేపంగా ఉన్న పెట్టె అటకెక్కుతుంది.

2017 ఏప్రిల్‌లో విడుదలైన విండోస్ 10 వెర్షన్ 1703లో usbaudio2.sys అనే ఫైలు ఎట్టకేలకు చోటు సంపాదించింది. పాటలు వినేవారికి అది చాలు. రికార్డింగ్ చేసేవారికి మాత్రం చాలలేదు. వాళ్లకు స్టైన్‌బర్గ్ సంస్థ 1997లో తెచ్చిన ఏసియో అనే డ్రైవర్ పద్ధతి కావాలి, పాడిన గొంతు హెడ్‌ఫోన్లో ఆలస్యం లేకుండా వినిపించాలి. ఏసియోను కూడా కలుపుకున్న కొత్త డ్రైవర్ వస్తుందని, అందులో యమహా, క్వాల్‌కామ్‌ల సాయం ఉందని మైక్రోసాఫ్ట్ ప్రకటించేసరికి 2024 వచ్చింది.

ఈలోగా, 2016లో, ఆడియో క్లాస్ 3.0 కూడా వెలువడింది. బ్యాటరీ తక్కువ తినే యూఎస్‌బీ-సీ ఇయర్‌ఫోన్ల కోసం ఉద్దేశించిన ప్రమాణమది. రాసినవారు ఈసారి జాగ్రత్తపడ్డారు: 3.0 పరికరం ఏదైనా పాత 1.0 లేదా 2.0 భాషలో కూడా మాట్లాడగలగాలని నియమం పెట్టారు.

మైకుకో డ్యాక్‌కో డబ్బు పెట్టేముందు ఇది ‘క్లాస్ కంప్లయంట్’ (ఈ ప్రమాణాల ప్రకారం నడిచే) పరికరమేనా అని ఒక్క మాట అడగండి. అవునంటే కంపెనీ మూతపడ్డా అది పలుకుతుంది. కాదంటే, దాని ఆయుష్షు ఆ కంపెనీ డ్రైవర్ ఇచ్చినన్నాళ్లే.