టర్బో కారుకు ఖరీదైన ఇన్‌టేక్ అవసరమా?

ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల్లో పెరిగిన తెలుగువారికి టర్బోఛార్జర్ కొత్తేమీ కాదు. 2,600 హార్స్‌పవర్ డబ్ల్యూడీఎం-2 డీజిల్ రైలింజన్లలో ఉన్నదీ అదే. పొగగొట్టంలోకి పోయే వేడి వాయువులతో తిరిగే టర్బైన్ సాయంతో, బయటి గాలిని కుదించి సిలిండర్లలోకి నెడుతుంది.

నేటి కార్లలో ఆ పీడనం ఎంతుండాలో కంప్యూటర్ నిర్ణయిస్తుంది. గాలి వచ్చే దారి సులువైతే టర్బోకు శ్రమ కాస్త తగ్గుతుంది. పీడనం మాత్రం నిర్ణయించినంతే. అందుకే ట్యూనింగ్ జోలికి పోకుండా వేలు పోసి ఇన్‌టేక్ ఒక్కటే మారిస్తే, ఎక్కువగా పెరిగేది చప్పుడే! పైగా పెట్టె లేని కోన్ ఫిల్టర్ బానెట్ కింది వేడి గాలిని పీలుస్తుంది. అదే పీడనంలో 30 డిగ్రీల సెల్సియస్ గాలి 60కి వేడెక్కితే సాంద్రత సుమారు 9 శాతం పడిపోతుంది. ఇంటర్‌కూలర్ కొంతమేర సరిదిద్దుతుంది గానీ, పూర్తిగా కాదు.

దుమ్ము రోడ్లపై తిరిగే కారుకైతే, కంపెనీ ఇచ్చిన రకం పేపర్ ఫిల్టర్‌నే వేళకు మార్చడం మేలు.